పద్నాలుగు మాటలు

కాలిఫోర్నియా రాజ్యాంగంలో 2008 నుంచి 2024 దాకా ఒక వాక్యం ఉండేది. ఇంగ్లీషులో లెక్కపెడితే సరిగ్గా పద్నాలుగు మాటలు. ఒక పురుషుడికీ ఒక స్త్రీకీ మధ్య జరిగిన పెళ్ళి మాత్రమే ఈ రాష్ట్రంలో చెల్లుతుంది, దాన్ని మాత్రమే గుర్తిస్తాం అని దాని అర్థం. ఆ వాక్యాన్ని అక్కడ పెట్టింది శాసనసభ కాదు, గవర్నరు కాదు, కోర్టు కాదు. జనం. 70 లక్షల మంది ఓటర్లు బ్యాలెట్టు మీద గుర్తు పెట్టి మరీ రాయించారు. తీసేసిందీ జనమే. మధ్యలో పదహారేళ్ళు పట్టింది.

ఈ కథని మామూలుగా కోర్టు కథగా చెబుతారు. ఏ జడ్జి ఏ తేదీన ఏం తీర్పిచ్చాడు, ఎంతమంది అటు, ఎంతమంది ఇటు. అదీ చెప్పుకోవాల్సిందే, చెబుతాను. కానీ నన్ను ఇన్నేళ్ళుగా వదలకుండా పట్టుకున్నది వేరే సంగతి. 2008లో స్వలింగ వివాహాల తరఫున పోరాడినవాళ్ళు ఓడిపోయారు. ఓడిపోయాక, తమకు వ్యతిరేకంగా ఓటేసిన ఇళ్ళకే వెళ్ళి తలుపు తట్టారు. తిట్టడానికి కాదు, అడగడానికి. వార్తల్లో తీర్పులకి దొరికిన చోటు ఈ పనికి దొరకలేదు.

ముందు కొంచెం వెనక్కి వెళ్ళాలి. ఈ రాష్ట్రానికి పెళ్ళిళ్ళ విషయంలో తలదూర్చే అలవాటు కొత్తది కాదు. తెల్లవాళ్ళు వేరే జాతివాళ్ళని పెళ్ళి చేసుకోకూడదని ఇక్కడ చట్టం ఉండేది. ఆ రోజుల్లో ఇంపీరియల్ వ్యాలీలో పొలం పనులకు వచ్చిన పంజాబీ మగవాళ్ళు మెక్సికన్ ఆడవాళ్ళని పెళ్ళాడారు. అదేదో సాంస్కృతిక సమ్మేళనం అని చెప్పుకోవడం బాగానే ఉంటుంది కానీ, కౌంటీ గుమాస్తా ఇద్దరి మొహాలూ చూసి, రంగు దగ్గరగా ఉంది అనుకుంటే లైసెన్సు ఇచ్చేవాడు. లేకపోతే లేదు. మనదేశం నుంచి వచ్చినవాళ్ళకి ఈ గడ్డమీద పెళ్ళి హక్కు గుమాస్తా కంటిచూపు మీద ఆధారపడిన కాలం ఒకటుందని మనలో చాలామందికి తెలియదు. 1948లో ఆండ్రియా పెరెజ్ అనే మెక్సికన్ అమెరికన్ అమ్మాయి, సిల్వెస్టర్ డేవిస్ అనే నల్లజాతి అబ్బాయి లాస్ ఏంజెలెస్ కౌంటీ మీద కేసు వేస్తే, కాలిఫోర్నియా సుప్రీంకోర్టు నలుగురు అటు, ముగ్గురు ఇటుగా ఆ చట్టాన్ని కొట్టేసింది. దేశం మొత్తానికి అదే మాట అమెరికా సుప్రీంకోర్టు చెప్పడానికి ఇంకో 19 ఏళ్ళు పట్టింది. అరవై ఏళ్ళ తర్వాత స్వలింగ జంటల కేసులో ఇదే రాష్ట్ర కోర్టు ఈ పెరెజ్ తీర్పునే మళ్ళీ బయటికి తీసింది. అప్పుడూ నాలుగు, మూడే.

2000లో ప్రతిపాదన 22 అని ఒకటి వచ్చింది. ఇవే పద్నాలుగు మాటలు, కాకపోతే రాజ్యాంగంలో కాదు, మామూలు చట్టంలో. 61 శాతం ఓట్లతో నెగ్గింది. దాన్ని తెచ్చింది పీట్ నైట్ అనే రాష్ట్ర సెనేటరు, ఒకప్పుడు వైమానిక దళంలో పేరున్న పైలట్. ఆయన సొంత కొడుకు గే. ఆ కొడుకే తండ్రి ప్రతిపాదనను వ్యతిరేకిస్తూ పత్రికలో వ్యాసం రాశాడు. 2004లో శాన్ ఫ్రాన్సిస్కోలో తన సహచరుణ్ణి పెళ్ళి చేసుకున్నాడు. ఆ మరుసటి నెలల్లోనే తండ్రి పోయాడు. దగ్గరివాళ్ళలో ఒకరుంటే మనసు మారుతుంది అని ఈ వ్యాసంలో నేను కొంచెం తర్వాత చెప్పబోతున్నాను. అది అన్ని ఇళ్ళలోనూ పనిచెయ్యదని ముందే చెప్పడం న్యాయం.

2004 ఫిబ్రవరి 12న శాన్ ఫ్రాన్సిస్కో మేయరు గావిన్ న్యూసమ్ స్వలింగ జంటలకు పెళ్ళి లైసెన్సులు ఇవ్వడం మొదలుపెట్టాడు. మొట్టమొదటి జంట డెల్ మార్టిన్, ఫిలిస్ లయన్. ఒకరికి 82, ఒకరికి 79. అప్పటికి యాభై ఏళ్ళుగా కలిసి కాపురం చేస్తున్నవాళ్ళు. సిటీ హాలు చుట్టూ వానలో గొడుగులేసుకుని క్యూలు. ఒక నెలలో సుమారు 4,000 జంటలు. ఆగస్టులో రాష్ట్ర సుప్రీంకోర్టు మేయరుకి ఆ అధికారం లేదని అన్ని పెళ్ళిళ్ళనీ రద్దు చేసింది. ఎనభై దాటిన ఆవిడకి పెళ్ళయిన ఆరు నెలలకి, నీకు పెళ్ళి కాలేదమ్మా అని కాగితం వచ్చిందన్నమాట. 2005లో శాసనసభ చట్టం చేసింది. గవర్నరు ష్వార్జ్‌నెగర్ వీటో చేశాడు. 2007లో మళ్ళీ చేసింది. మళ్ళీ వీటో. చివరికి 2008 మే 15న కోర్టు ఈ నిషేధం చెల్లదంది. జూన్ 16న డెల్ మార్టిన్, ఫిలిస్ లయన్ రెండోసారి పెళ్ళి చేసుకున్నారు. ఆగస్టు 27న డెల్ మార్టిన్ కన్నుమూసింది. ఈసారి భార్యగానే.

అప్పటికే ప్రతిపాదన 8, అందరూ ప్రాప్ 8 అనేది, నవంబరు బ్యాలెట్టు కోసం సిద్ధంగా ఉంది.

ఇక్కడ మన సంగతి కొంత చెప్పాలి. 2008లో నేను ఫ్రీమాంట్‌లో ఉండేవాణ్ణి. హెచ్ వన్ బీ వీసా, ఓటు లేదు. మా తెలుగువాళ్ళ మధ్య ఈ విషయం వస్తే ఎక్కువగా వినబడిన మాట, "మనకెందుకండీ". గ్రీన్ కార్డు ఎప్పుడొస్తుంది, ఒబామా వస్తే హెచ్ వన్‌లు తగ్గిస్తాడా, లేమన్ బ్రదర్స్ మునిగింది కదా మన ఉద్యోగాలేమిటి, ఇవీ మా చర్చలు. తప్పు పట్టను. భయాలు ఎవరివి వాళ్ళవి. కానీ పెళ్ళి అనే కాగితం విలువ ఈ దేశంలో మనకన్నా బాగా తెలిసినవాళ్ళు ఇంకెవరున్నారు? సెలవు పెట్టి వెళ్ళి, మూడు వారాల్లో సంబంధం చూసుకుని, పెళ్ళి చేసుకుని, చెన్నై కాన్సులేటు ముందు శుభలేఖా పెళ్ళి ఆల్బమూ పట్టుకుని నిలబడిన జాతి మనది. మూడు వారాల క్రితం ముక్కూ మొహం తెలియని మనిషికి ఆ ఒక్క కాగితంతో హెచ్ ఫోర్ వీసా వస్తుంది, ఆరోగ్య బీమా వస్తుంది, ఆస్పత్రిలో పక్కన కూర్చునే హక్కు వస్తుంది, గ్రీన్ కార్డు క్యూలో మన నంబరే ఆవిడకీ వస్తుంది. 2004లో ప్రభుత్వ లెక్కల సంస్థ ఒకటి కూర్చుని లెక్కేసింది. వివాహితుడా కాదా అన్నదాన్ని బట్టి తేడా చూపే ఫెడరల్ చట్ట నిబంధనలు మొత్తం 1,138.

స్వలింగ జంటకి రాష్ట్రం పెళ్ళి చేసినా ఈ 1,138లో ఒక్కటీ వర్తించేది కాదు. 1996లో క్లింటన్ సంతకం చేసిన వివాహ రక్షణ చట్టం వల్ల ఫెడరల్ ప్రభుత్వం దృష్టిలో వాళ్ళు పెళ్ళికానివాళ్ళే. నాకు తెలిసిన ఒక గుంటూరు అబ్బాయి, అతని సహచరుడు పుణె అబ్బాయి, ఆ 2008 వేసవిలో పెళ్ళి చేసుకున్నారు. నలుగురు సాక్షులు, కౌంటీ ఆఫీసు, తర్వాత దోసెల హోటలు. గుంటూరులో ఎవరికీ చెప్పలేదు. 2009లో మాంద్యంలో పుణె అబ్బాయి ఉద్యోగం పోయింది. పెళ్ళి సర్టిఫికెట్టు బీరువాలో ఉంది, హెచ్ ఫోర్‌కి మాత్రం పనికిరాదు. మా అందరి భార్యలూ ఏ కాగితం మీద ఇక్కడ ఉన్నారో సరిగ్గా అదే కాగితం. ఇద్దరూ సామాన్లు అమ్మేసి వాంకూవర్ వెళ్ళిపోయారు. కెనడాలో 2005 నుంచే స్వలింగ వివాహం చట్టబద్ధం. అప్పట్లో అలా సరిహద్దు దాటిన జంటలు చాలామందే ఉన్నారు.

సరే, ప్రాప్ 8 ప్రచారానికి వద్దాం. రెండు వైపులా కలిపి 8 కోట్ల డాలర్లకు పైగా ఖర్చయింది. జూన్ నెలాఖరులో మోర్మన్ చర్చి నాయకత్వం కాలిఫోర్నియాలోని తమ సభ్యులకు లేఖ పంపింది, దీనికోసం డబ్బూ సమయమూ ఇవ్వండని. వాళ్ళు నిజంగానే ఇచ్చారు. శనివారాలు ఇంటింటికీ తిరిగారు. క్రమశిక్షణ అంటే అదీ.

బ్యాలెట్టులో ఒక తికమక ఉంది. స్వలింగ జంటలు పెళ్ళి చేసుకోవచ్చు అని మీరు అనుకుంటే 'కాదు' అని ఓటెయ్యాలి. వద్దు అనుకుంటే 'అవును' అని వెయ్యాలి. రాష్ట్ర అటార్నీ జనరల్‌గా ఉన్న జెర్రీ బ్రౌన్ ఆ ప్రతిపాదన శీర్షికని మార్చి, ఇది స్వలింగ జంటల పెళ్ళి హక్కుని తొలగిస్తుంది అని రాయించాడు. ప్రతిపాదకులు కోర్టుకెళ్ళారు, ఓడిపోయారు. శీర్షికలో 'తొలగిస్తుంది' అన్న ఒక్క క్రియ ఎంత ఓటు మార్చిందో చెప్పలేం కానీ, వేసవిలో సర్వేలన్నీ ప్రాప్ 8 ఓడిపోతుందనే చెప్పాయి.

సెప్టెంబరు చివర్లో టీవీ ప్రకటనలు మొదలయ్యాయి. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు మన పెద్దలు. ఇక్కడ పెళ్ళిళ్ళు ఆపడానికి కూడా అదే పద్ధతి పనికొచ్చింది. ఒక చిన్నపాప బడినుంచి ఇంటికొచ్చి, అమ్మా, ఇవాళ నేనేం నేర్చుకున్నానో తెలుసా, ఒక రాజకుమారుడు ఇంకో రాజకుమారుణ్ణి పెళ్ళి చేసుకున్నాడు, నేను రాజకుమారిని చేసుకోవచ్చు అంటుంది. తల్లి మొహం మాడిపోతుంది. అంతే ప్రకటన. ఇంకో దాంట్లో మేయరు న్యూసమ్ సిటీ హాలు మెట్లమీద చేతులు చాచి, మీకు ఇష్టమున్నా లేకపోయినా ఇది జరిగి తీరుతుందన్న తీరులో గర్జిస్తూ కనిపిస్తాడు. అది చూసి ఆయన అభిమానులు కూడా తల పట్టుకున్నారు. సరిగ్గా అక్టోబరులోనే శాన్ ఫ్రాన్సిస్కోలో ఒకటో తరగతి పిల్లలు తమ టీచరమ్మ ఇంకొక స్త్రీని పెళ్ళాడుతుంటే చూడటానికి సిటీ హాలుకి వెళ్ళారు. తల్లిదండ్రుల అనుమతితోనే వెళ్ళారు, పూలు చల్లారు, ముచ్చటైన సంగతే. రెండు వారాల్లో అదీ ప్రకటన అయి కూర్చుంది.

దీనికి అవతలి పక్షం ఇచ్చిన జవాబు చూడాలి. రాష్ట్ర విద్యాశాఖ అధిపతి టీవీలో కొచ్చి, బడుల్లో పెళ్ళి గురించి చెప్పరండీ అన్నాడు. సెనేటర్ డయాన్ ఫైన్‌స్టైన్ వచ్చి వివక్ష తప్పు అంది. ఒక పెద్దవయసు దంపతులు వచ్చి మాకు ముగ్గురు పిల్లలు, ఒక అమ్మాయి లెస్బియన్ అని చెప్పారు. అన్నీ పద్ధతిగా ఉన్నాయి. కానీ ఎవరి పెళ్ళి గురించి ఇదంతా జరుగుతోందో ఆ జంటలు మాత్రం ఆ ప్రకటనల్లో దాదాపు కనబడలేదు. వాళ్ళని చూపిస్తే మధ్యస్థంగా ఉన్న ఓటరు బెదిరిపోతాడని సలహాదారులు అనుకున్నారు. పెళ్ళి పందిట్లో వధూవరుల్ని దాచిపెట్టి, వాళ్ళ తరఫు లాయర్ని పీటల మీద కూర్చోబెట్టినట్టుంది.

నవంబరు 4 రాత్రి ఒబామా గెలిచాడు. వీధుల్లో జనం ఏడుస్తూ నవ్వుతూ కావలించుకుంటున్నారు. అదే రాత్రి ప్రాప్ 8 నెగ్గింది. 52.24 శాతం అవును, 47.76 శాతం కాదు. తేడా సుమారు 6 లక్షల ఓట్లు. అదే బ్యాలెట్టులో కోళ్ళకీ దూడలకీ పందులకీ బోనుల్లో ఒళ్ళు తిప్పుకునే చోటు ఉండాలనే ఇంకో ప్రతిపాదన ఉంది. దానికి 63 శాతం వచ్చింది. కోళ్ళ మీద నాకు ఏ కోపమూ లేదు లెండి.

ఆ వారమంతా నిందలు. ఒక ఎగ్జిట్ పోల్ నల్లజాతి ఓటర్లలో 70 శాతం ప్రాప్ 8కి వేశారని చెప్పేసరికి, ఒబామా కోసం వచ్చినవాళ్ళే మమ్మల్ని ముంచారని కొందరు తెల్ల గేలు బాహాటంగా తిట్టడం మొదలుపెట్టారు. తర్వాత నింపాదిగా చేసిన విశ్లేషణలో ఆ అంకె 58 దగ్గరికి దిగింది. అందులోనూ ఎక్కువ భాగం ప్రార్థనాలయానికి ఎంత తరచుగా వెళతారన్నదానితో ముడిపడినదే, రంగుతో కాదు. ఓడిన రాత్రి ఎవడో ఒకడు కావాలి కదా తిట్టడానికి.

డేవిడ్ ఫ్లైషర్ అని లాస్ ఏంజెలెస్ ఎల్‌జీబీటీ సెంటర్‌తో పనిచేసిన ఒక ప్రచార నిపుణుడు ఈ ఓటమికి పోస్టుమార్టం లాంటిది చేశాడు. 2010లో పెద్ద నివేదికగా వెలువరించాడు. చివరి ఆరు వారాల్లో అటు జారిపోయిన ఓటర్లలో ఎక్కువమంది ఎవరయ్యా అంటే, ఇంట్లో పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలున్న తల్లిదండ్రులు. అంటే ఆ చిన్నపాప ప్రకటన ఎవర్ని ఉద్దేశించి తీశారో సరిగ్గా వాళ్ళకే తగిలింది. నేనూ ఇద్దరు పిల్లల తండ్రినే. ఆ తల్లి మొహంలో కనబడింది ద్వేషం కాదు, నా పిల్లకి నాకు తెలియకుండా ఎవరో ఏదో చెబుతున్నారన్న కంగారు. వలస వచ్చిన మనకి ఆ కంగారు బాగా తెలుసు. దానికి హక్కుల ఉపన్యాసం మందు కాదు.

ఫ్లైషర్ బృందం ఆ తర్వాత చేసిన పని ఇదీ. ప్రాప్ 8కి గట్టిగా ఓటేసిన పేటలు ఏవో చూసుకుని, వాలంటీర్లని అక్కడికే పంపారు. తలుపు తట్టి, మీరు ఎందుకలా ఓటేశారు అని అడగమన్నారు. మొదట్లో వాలంటీర్లు వాదించేవాళ్ళు. సమానత్వం, రాజ్యాంగం, అన్నీ. వాదిస్తే ఎవరూ కదల్లేదు. మెల్లగా పద్ధతి మారింది. మీకు పెళ్ళయి ఎన్నేళ్ళయింది? ఎలా కలిశారు? మీకు తెలిసినవాళ్ళలో గే ఎవరైనా ఉన్నారా? ఇలా అడిగి, అవతలి మనిషి చెప్పేది పూర్తిగా విని, తర్వాత తమ సంగతి చెప్పేవాళ్ళు. తలుపు దగ్గర నిలబడిన వాలంటీరు చాలాసార్లు తనే గే. ముప్ఫై సెకన్లలో కరపత్రం చేతిలో పెట్టి పారిపోయే ప్రచారం కాదు. పదినిమిషాలు, పావుగంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఇలా వేల సంభాషణలు. కొన్నింటిని వీడియో తీసి, రాత్రి కూర్చుని, ఎక్కడ తప్పు మాట్లాడామో చూసుకునేవాళ్ళు.

దీనికో విచిత్రమైన ఉపకథ ఉంది. మైకేల్ లకూర్ అనే విద్యార్థి ఈ తలుపు తట్టే పద్ధతి మీద పరిశోధన చేశానంటూ, ఒక్క సంభాషణతో ఏడాదిదాకా మనసు మారి ఉంటుందని తేల్చాడు. 2014 డిసెంబరులో సైన్స్ పత్రికలో వచ్చింది. దేశమంతా మోగిపోయింది. డేవిడ్ బ్రూక్‌మన్, జాషువా కల్లా అనే ఇద్దరు కుర్ర పరిశోధకులు అదే పద్ధతిలో ఇంకో ప్రయోగం చేద్దామని మొదలుపెట్టి, అతని అంకెలు మరీ చక్కగా ఉన్నాయేమిటా అని అనుమానపడ్డారు. సర్వే చేసిందని అతను చెప్పిన కంపెనీకి ఫోన్ చేస్తే, అలాంటి పని మేమెప్పుడూ చెయ్యలేదన్నారు. 2015 మేలో పత్రిక ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకుంది. ఏళ్ళ తరబడి ఎండలో తిరిగిన వాలంటీర్ల పరిస్థితి ఊహించుకోండి. వాళ్ళ పని నిజం, దాని మీద వచ్చిన కొలత అబద్ధం.

ఆ ఇద్దరు పరిశోధకులూ అంతటితో వదల్లేదు. మయామీలో తామే నిజంగా ప్రయోగం చేశారు. విషయం పెళ్ళి కాదు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల పట్ల వివక్ష. 501 మంది ఓటర్లు, ఒక్కొక్కరితో సుమారు పది నిమిషాలు. మారిన అభిప్రాయం కనీసం మూడు నెలలు నిలబడిందని 2016లో అదే పత్రికలో రాశారు. అందరూ మారలేదు, పదిమందిలో ఒకరి లెక్కన. అబద్ధపు పరిశోధన కన్నా ఇది చిన్న ఫలితమే. నాకు మాత్రం ఇదే ఎక్కువ నచ్చింది. పదిలో ఒకడు అంటే నమ్మబుద్ధవుతుంది.

కోర్టులో కథ దీనికి సమాంతరంగా నడిచింది. 2009 మేలో రాష్ట్ర సుప్రీంకోర్టు ప్రాప్ 8 చెల్లుతుందంది. అయితే మధ్య నెలల్లో జరిగిన సుమారు 18,000 పెళ్ళిళ్ళు కూడా చెల్లుతాయంది. అంటే ఒకే వీధిలో ఈ ఇంట్లో ఇద్దరు మగవాళ్ళు భార్యాభర్తల్లా దంపతులు, పక్కింటివాళ్ళు నవంబరు దాకా ఆగినందుకు కాదు. అప్పుడు ఫెడరల్ కోర్టులో కేసు వేశారు. వాదించింది టెడ్ ఓల్సన్, డేవిడ్ బోయీస్. 2000లో బుష్, గోర్ ఎన్నికల కేసులో ఎదురెదురుగా నిలబడిన లాయర్లు. 2010 జనవరిలో శాన్ ఫ్రాన్సిస్కోలో విచారణ జరిగింది. అంతకుముందు ఒక వాయిదాలో జడ్జి వాన్ వాకర్, ప్రాప్ 8 తరఫు లాయరు చార్ల్స్ కూపర్‌ని అడిగాడు, స్వలింగ జంటలు పెళ్ళి చేసుకుంటే మిగతావాళ్ళ పెళ్ళిళ్ళకి వచ్చే నష్టం ఏమిటని. కూపర్ తనకు తెలియదని జవాబిచ్చాడు. తర్వాత ఎన్ని వివరణలు ఇచ్చుకున్నా ఆ జవాబు ఆయన్ని వదల్లేదు. ఆగస్టు 4న వాకర్ ప్రాప్ 8ని కొట్టేశాడు. ప్రాప్ 8 తరఫు ముఖ్య సాక్షి డేవిడ్ బ్లాంకెన్‌హార్న్ రెండేళ్ళ తర్వాత న్యూయార్క్ టైమ్స్‌లో తన అభిప్రాయం మార్చుకున్నానని రాశాడు. ఇక కూపర్ సంగతి. ఆయన సుప్రీంకోర్టులో ఈ కేసు వాదిస్తున్న రోజుల్లోనే ఆయన పెంచిన సవతి కూతురు ఇంకొక అమ్మాయితో పెళ్ళికి సిద్ధమవుతోంది. ఆ పెళ్ళి ఏర్పాట్లలో ఆయనా సాయపడ్డాడు. ఈ సంగతి 2014లో బయటికొచ్చింది. కోర్టులో ఒక మాట, ఇంట్లో ఒక మాట అని కొందరు వెక్కిరించారు. నాకు అది వెక్కిరింతలా అనిపించలేదు. పీట్ నైట్‌కి చేతకానిది ఈయనకి చేతనయింది.

2012 నవంబరులో మేన్, మేరీలాండ్, వాషింగ్టన్ రాష్ట్రాల్లో జనం ఓటుతోనే స్వలింగ వివాహం నెగ్గింది. మినెసోటాలో నిషేధం ఓడిపోయింది. ఈసారి ప్రచారాల్లో హక్కులు, ప్రయోజనాలు అన్న మాటలు తగ్గించి, ప్రేమ, కట్టుబాటు, నా కొడుకు, నా మనవరాలు అన్న మాటలు ముందుకు తెచ్చారు. 2013 జూన్ 26న సుప్రీంకోర్టు ఒకేరోజు రెండు పనులు చేసింది. ప్రాప్ 8ని సమర్థిస్తూ అప్పీలు వేసినవాళ్ళకి ఆ అర్హత లేదంది. గవర్నరూ అటార్నీ జనరలూ ముందే తప్పుకున్నారు కదా, దాంతో వాకర్ తీర్పే మిగిలింది. రెండోది, క్లింటన్ చట్టంలోని ఆ ఫెడరల్ నిబంధనని కొట్టేసింది. కొన్ని వారాల్లోనే వీసా అధికారులు స్వలింగ దంపతుల దరఖాస్తుల్ని మిగతావాళ్ళవాటితో సమానంగా చూడటం మొదలుపెట్టారు. హెచ్ ఫోర్‌తో సహా. 2015లో అదే జూన్ 26న దేశం మొత్తానికీ తీర్పు వచ్చింది.

గుంటూరు అబ్బాయికి 2013లో ఫోన్ చేశాను, ఇక వచ్చెయ్యొచ్చు కదా అని. వాంకూవర్‌లో ఇల్లు కొన్నాం, ఇక్కడి వానకి అలవాటు పడ్డాం అన్నాడు. ఇప్పుడు ఇద్దరూ కెనడా పౌరులు, ఇద్దరికీ ఎవరి ఓసీఐ కార్డు వాళ్ళకుంది. వాంకూవర్‌లో విమానమెక్కేటప్పుడు దంపతులు. శంషాబాదులో దిగేసరికి ఇద్దరు బ్రహ్మచారులు.

ఎందుకంటే మనదేశంలో 2018 సెప్టెంబరు 6న 377 సెక్షన్ని సడలించి, నేరం కాదన్నారు తప్ప పెళ్ళి అనలేదు. అది జరిగిన ఎనిమిదో రోజున మిర్యాలగూడలో, చట్టప్రకారం చేసుకున్న కులాంతర వివాహానికి ప్రణయ్‌ని నడివీధిలో చంపారు. చట్టం ఒప్పుకున్న పెళ్ళికే అక్కడ దిక్కులేదు. హైదరాబాదులో కాపురముంటున్న సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ 2021 డిసెంబరులో వికారాబాదు దగ్గర బంధుమిత్రుల మధ్య వేడుక చేసుకున్నారు. తర్వాత సుప్రీంకోర్టుకెళ్ళారు. ఆ కేసు సుప్రియో పేరుతోనే ప్రసిద్ధం. కేంద్రం తన వాదనలో ఇది నగరాల్లోని ఉన్నతవర్గాల ఆలోచన అంది. 2023 అక్టోబరు 17న అయిదుగురు జడ్జీలూ పెళ్ళి ప్రాథమిక హక్కు కాదని, చట్టం చెయ్యాల్సింది పార్లమెంటని తేల్చారు. అమెరికాలో పెళ్ళి చేసుకున్న ఒక భారతీయ జంట న్యూయార్క్‌లోని మన కాన్సులేటుకి రిజిస్ట్రేషన్ కోసం వెళితే తిప్పి పంపారు. వాళ్ళ పిటిషనూ ఈ కేసుల్లోనే కలిసింది. 2025 జనవరిలో పునఃపరిశీలన పిటిషన్లు కూడా కొట్టేశారు.

పార్లమెంటు దాకా వెళ్ళాలంటే మన దగ్గర తట్టాల్సిన తలుపులు చాలా ఉన్నాయి. ముందు సొంత ఇంటిది. మన సంబంధాల మార్కెట్లో ఇది మరీ దారుణం. కొడుకు సంగతి తెలిసీ, పెళ్ళయితే అన్నీ సర్దుకుంటాయని, అమెరికా సంబంధమని ఎవరో ఒక అమ్మాయిని కట్టబెట్టిన ఇళ్ళు నాకు తెలుసు. ఆ అమ్మాయి హెచ్ ఫోర్ మీద, ఉద్యోగం చేసే వీలు లేక, మాట్లాడే మనిషి లేక, తనలో ఏం లోపముందో అనుకుంటూ నాలుగు గోడల మధ్య కూర్చుంటుంది. ఆ పెళ్ళికి మాత్రం ఏ దేశమూ అడ్డు చెప్పలేదు.

కాలిఫోర్నియాలో ఆ పద్నాలుగు మాటలు అమలులో లేకపోయినా రాజ్యాంగంలో అలాగే పడి ఉన్నాయి. 2022లో గర్భస్రావ హక్కు తీర్పు తిరగబడినప్పుడు జస్టిస్ థామస్ 2015 నాటి వివాహ తీర్పుని కూడా మళ్ళీ చూడాలని రాశాడు. అప్పుడు అందరికీ గుర్తొచ్చింది, పై తీర్పు పోతే కింద ఈ వాక్యం లేచి కూర్చుంటుందని. శాసనసభ 2024 నవంబరు బ్యాలెట్టు మీద ప్రతిపాదన 3 పెట్టింది. ఈసారి నాకు ఓటుంది. టీవీలో రాజకుమారులూ లేరు, మేయర్లూ లేరు. 62 శాతానికి పైగా ఓట్లతో నెగ్గింది. వద్దన్నవాళ్ళు దాదాపు 37 శాతం. వాళ్ళలో మా వీధివాళ్ళు ఇద్దరు, మా బంధువు ఒకాయన ఉన్నారు. ఆయనతో ఆ సాయంత్రం ఫోన్లో గంటసేపు మాట్లాడాను. తన పెళ్ళి ఎలా జరిగిందో అడిగాను. 1974లో, తెనాలిలో, ఆయన చెప్పడం మొదలుపెట్టాడు.